ఒట్టు వేయించిన రోజు

జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి వార్డులో, తాగుడు ఎక్కువైనవాళ్ల మంచం పక్కన పావుగంట కూర్చోవడం నా పని. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన 10 ప్రశ్నలు అడిగి, వచ్చిన మార్కులు చూపించి, ఏం చేద్దామనుకుంటున్నారో వాళ్లనే చెప్పనివ్వాలి.

మొదట్లో నేనలా చేయలేదు. టెక్కలి వైపు నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టు కూలీ చెయ్యి విరిగి ఒక రాత్రి ఉన్నాడు. 1956లో నాగపూర్‌లో బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టననేది కూడా ఉందని చెప్పి, ఆయన పటం మీద ఒట్టు వేయించాను. లా చదివాను కదా, సాక్షి చేత ప్రమాణం చేయించినట్టే! అతను మాట నిలబెట్టుకున్నాడు. రెండో రోజుకి వణుకు, ఫిట్స్. మళ్లీ అదే వార్డు.

"ఒట్టేసినాను గదమ్మా, ఎలాగ తాగీది?" అన్నాడు.

రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానితే ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు కనుసన్నల్లో, మందులతో, బి1 విటమిన్‌తో మానాలి. నాకది తెలీదు. పంచశీలలో అయిదోది ఎవరికి వారు స్వీకరించే శిక్షాపదమే తప్ప ఆజ్ఞ కాదని మాత్రం తెలుసు. రోజూ పొద్దున్నే చెప్పుకుంటూనే మరిచాను.

ఇప్పుడు ముందుగా అడిగేది, చివరిసారి ఎప్పుడు తాగావు, పొద్దున చేతులు వణుకుతాయా అని. అవునంటే డాక్టరును పిలుస్తాను. హండియా సంగతి విడిగా అడగాలి, ఇక్కడ చాలామంది దాన్ని మద్యం లెక్కలో వేయరు.

అతను ఇప్పటికీ వస్తుంటాడు. ఆదివారం మాత్రమేనంటాడు. ఎన్ని గ్లాసులని అడుగుతాను.