పలచని గంజి

మే నెలలో పెళ్లి పెట్టుకుని, పెళ్లికొడుక్కి వెల్వెట్ షేర్వాణీ తొడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముహూర్తానికి పంచె కట్టుకుని హాయిగా కూర్చున్న పిల్లవాడే రిసెప్షన్ వేళకు మెడదాకా బొత్తాలు బిగించుకుని, లోపల లైనింగూ పైన జరీ బరువూ మోస్తూ స్టేజీ మీద నిలబడతాడు. ఎదురుగా వీడియోవాళ్ల లైట్లు. ఏసీ హాలే అయినా వెయ్యి మంది జనం నిండాక ఆ ఏసీ ఏ మూలకూ చాలదు. స్నేహితుడొకడు చేతిలో పట్టే బ్యాటరీ ఫ్యాను తెచ్చి అతని మెడ దగ్గర పెడుతుంటాడు. వచ్చినవాళ్ల సంగతీ అంతే. ఆడవాళ్లకు నెట్ చీరలు, జార్జెట్లు. నాలుగేళ్ల పసివాళ్లకు కూడా కోటు, వెయిస్ట్‌కోటు, బో. ఆ పిల్లలు ఏడ్చేది ఆకలికి కాదు, ఉక్కకి. ఆ సంగతి ఒక్క తల్లికీ తోచదు.

నాకు ముస్తాబంటే ఇష్టమే. ఏదో ఒకటి చుట్టుకుంటే సరిపోతుందనే రకం కాదు నేను. చక్కగా కట్టుకున్న మనిషి ఎదురైతే ఆగి చూస్తాను. నా బాధల్లా, అందంగా ఉండాలంటే ఉడికిపోక తప్పదని మనం ఎప్పుడు నమ్మడం మొదలుపెట్టామా అని. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకున్న జాతి మనది. ఆ ఎండలోనే అందంగా కట్టుకోవడం మన ముందుతరాలవాళ్లకు తెలుసు.

అసలు ఎండల్లో బట్ట చేసే పని ఏమిటో ఒకసారి చూద్దాం. ఒంటిని చల్లబరిచేది చెమట పట్టడం కాదు, ఆ చెమట ఆరడం. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడిని పట్టుకుపోతుంది. ఆరకుండా ధారగా కారిపోతే దండగ. నూలు తన బరువులో నూటికి ఎనిమిది పాళ్ల తేమను గాలిలోంచే పీల్చుకుని దాచుకోగలదు. పాలిస్టరు అర పాలు కూడా పట్టదు. అలాగని నూలు పేరున్న ప్రతిదీ మంచిదేనని కాదు. జీన్సు ప్యాంటూ నూలే. విజయవాడలో మే మధ్యాహ్నం జీన్సు వేసుకుని బస్సు కోసం నిలబడ్డవాడికి ఆ నూలు గొప్పతనం ఏమిటో బాగా తెలుస్తుంది. కాబట్టి నూలైతే చాలదు. పోగు సన్నగా ఉండాలి, నేత వదులుగా ఉండాలి, కుట్టు ఒంటికి అంటకుండా ఉండాలి.

ఊరిని బట్టీ ఉంటుంది. రామగుండం, కొత్తగూడెం వైపు ఎండ పొడి ఎండ. వడగాలి వీస్తుంటే పొట్టిచేతుల చొక్కా వేసుకుని తిరగడం ఒంటిని నిప్పుల సెగకు అప్పగించడమే. అక్కడ నిండు చేతులు కావాలి, తలకు గుడ్డ కావాలి. పొలం పనికి వెళ్లే మనిషి తలకు తువ్వాలు చుట్టి, దాని కొసను మెడ మీదికి వదిలేది ఇందుకే. కాకినాడ, మచిలీపట్నంలో డిగ్రీలు నాలుగైదు తక్కువే ఉన్నా గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. అక్కడ ఎంత గాలి ఆడితే అంత సుఖం. పంచె, లుంగీ, చీర కోస్తాలో ఇన్నాళ్లు నిలిచాయంటే, కింద నుంచి గాలి ఆడనిచ్చే బట్టలు కాబట్టే. ఎడారిలో ఉండే బెదూయిన్లు నల్లటి అంగీలు ఎందుకు వేసుకుంటారని కొందరు శాస్త్రవేత్తలు పరిశీలించి 1980లో ‘నేచర్’ పత్రికలో రాశారు. తెల్ల అంగీ అయినా నల్ల అంగీ అయినా చర్మానికి చేరే వేడి ఒక్కటేనట. నలుపు ఎక్కువగా పీల్చిన వేడి, అంగీకీ ఒంటికీ మధ్య ఆడే గాలితో బయటికి పోతుంది. రంగు కన్నా వదులే ముఖ్యమని నేను ఎప్పుడూ అనే మాటకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

కానీ వదులుగా, సన్నగా ఉన్న అసలైన నూలు గుడ్డ బజారులో కొనబోతే తెలుస్తుంది కష్టం. పేరు చెప్పను గానీ, మా ఊరి పెద్ద బట్టల కొట్లో ఒకతను ‘ప్యూర్ కాటన్ సార్, చెయ్యి పెట్టి చూడండి’ అంటూ చొక్కా గుడ్డ తాను విప్పాడు. చెయ్యి పెడితే చల్లగా, నున్నగా ఉంది. ఆ నునుపే నాకు నచ్చలేదు. అడిగి, అంచు దగ్గర ఒక పోగు లాగి, బయటికి వచ్చి అగ్గిపుల్ల గీసి అంటించాను. నూలు పోగైతే కాగితం కాలిన వాసన వేసి, వేళ్ల మధ్య నలిపితే బూడిదై రాలిపోతుంది. ఇది మెలికలు తిరిగి ముడుచుకుపోయింది. కొసన నల్లటి పూస కట్టింది. చల్లారాక గోరుతో గిల్లినా నలగలేదు. తెచ్చి అతని బల్ల మీద పెట్టాను. ‘ఇప్పుడు అన్నీ ఇంతే సార్, మెయింటెనెన్స్ ఉండదు కదా’ అన్నాడు. నూలు అని చెప్పి ప్లాస్టిక్ అమ్మడం తూకంలో మోసం చేయడం లాంటిదే. ఆ మాట అతనితోనే అన్నాను. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్తే ఆ కోపం మళ్లీ వస్తుంది.

మెయింటెనెన్స్ అనే ఆ మాట దగ్గరే అంతా ఉంది. నూలు బట్ట నలుగుతుంది, నిజం. ఉతికితే వడిలిపోయి ఒంటికి అతుక్కుంటుంది. దానికి మనవాళ్లు ఏనాడో కనిపెట్టిన మందు గంజి. ఇంట్లో రైసు కుక్కరు చేరిన రోజున గంజి వెళ్లిపోయింది. అత్తెసరు పెట్టే ఇళ్లలో అంతకుముందూ ఉండేది కాదు గానీ, వార్చే ఇళ్లన్నిటిలో ఉండేది. ఇప్పుడు పొడులున్నాయి, స్ప్రేలున్నాయి. నేనూ వాడి చూశాను. అన్నం గంజి పెట్టిన బట్టకు ఉండే ఆ మెత్తని నిలకడ వాటిలో రాదు.

మా అమ్మ వేసవిలో గంజి పెట్టే తీరు వేరు. చలికాలం బట్టలకు పెట్టేంత చిక్కదనం పనికిరాదనేది. అన్నం ఉడుకుపట్టాక గిన్నె మూత అడ్డుపెట్టి వార్చేది. ఆ గంజి గోరువెచ్చనయ్యేదాకా ఆగి, పాత మల్లు గుడ్డలో వడకట్టేది. ఒక్క మెతుకు జారినా చొక్కా మీద మచ్చ పడుతుంది. తర్వాత బకెట్లో నీళ్లు పోసి, అందులో గంజి కలిపి, వేలు ముంచి బొటనవేలితో రుద్ది చూసేది. వేళ్లు అంటుకుంటే ఇంకో చెంబు నీళ్లు. తెల్లబట్టలైతే నాలుగు చుక్కల నీలిమందు. బట్టను ముంచి, మెలి తిప్పకుండా అరచేతులతో పిండి, రెండు కొసలు పట్టుకుని టపటపా దులిపేది. ఆ దులపడంలోనే సగం ఇస్త్రీ అయిపోయేది. ఆరేసేది నీడలో. కాస్త చెమ్మ ఉండగానే తీసి, చుట్టి, గంటసేపు పక్కన పెట్టి, అప్పుడు చాకలి చేతికి బొగ్గుల ఇస్త్రీకి ఇచ్చేది. ఒకసారి నాన్న ఎవరో నాయకుణ్ణి చూసొచ్చి, అంత ఫెళఫెళలాడేలా పెట్టమంటే అమ్మ ఒప్పుకోలేదు. ‘అంత గంజి పెడితే గాలి ఎక్కడినుంచి పోతుందండీ, అట్టముక్క కట్టుకున్నట్టుంటుంది’ అంది.

అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. చిక్కని గంజి పోగుకీ పోగుకీ మధ్య సందుల్ని మూసేస్తుంది. పలచని గంజి పోగును నిలబెట్టి, గుడ్డను ఒంటికి అంటకుండా వెంట్రుకవాసి దూరంలో పట్టి ఉంచుతుంది. ఆ దూరంలో గాలి ఆడుతుంది. ఆ గుడ్డ పడే తీరులో, మడత తిరిగే తీరులో ఉన్న అందం ఏ ఫ్యాషన్ డిజైనరూ కత్తెరతో తేలేడు. చీరలకైతే సగ్గుబియ్యం గంజి ఇంకా మేలు, తెల్లటి చార పడదు. సాయంత్రం మిగిలిన గంజిని మర్నాటికి దాచకండి. పులిసి, ఎండలో వాసన కొడుతుంది. ముదురు రంగు బట్టలకు గంజి పెట్టేటప్పుడు లోపలి వైపు పైకి తిప్పి పెట్టండి.

ఇక గుడ్డ మాట. నన్ను అడిగేవాళ్లకు రోజువారీకి మంగళగిరి అని చెబుతాను. గుంట మగ్గం మీద నేసిన ఆ సాదా గుడ్డకు అంచున నిజాం బార్డరు తప్ప ఇంకేమీ ఉండదు, ఏమీ అక్కర్లేదు కూడా. మగవాళ్లకు చొక్కా, ఆడవాళ్లకు కుర్తా, ఎన్ని ఉతుకులకైనా తట్టుకుంటుంది, ఉతికేకొద్దీ మెత్తనవుతుంది. ఆడవాళ్లకు ఇంకో మాట: మంచి నేత చీర కొని, దాని మీదికి సింథటిక్ లైనింగు వేసిన జాకెట్టు తొడుక్కుంటే చీరకు పెట్టిన డబ్బంతా వృథా. లైనింగు తప్పదని టైలరు పట్టుపడితే నూలు లైనింగే వెయ్యమనండి. లోపలి లంగా కూడా అంతే, శాటిన్ వద్దు.

పండక్కీ పెళ్లికీ అయితే వెంకటగిరి, లేకపోతే పొందూరు. పొందూరు దగ్గరికి వచ్చేసరికి నాకు మాట ఆగదు. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊళ్లో ఇప్పటికీ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు. ఆ ఎముకకు సన్నని పళ్లు ఉంటాయి, దువ్వెన పట్టినట్టు పట్టి దూదిని దువ్వుతారు. నలుసు, పొట్టు అన్నీ పోయి పింజ ఒక్కటే మిగులుతుంది. దాన్ని చేతి రాట్నం మీద వడికితే నూరో నంబరు, ఆ పై నంబర్ల నూలు వస్తుంది. నూరో నంబరంటే, పౌను నూలులో 840 గజాల చిలపలు వంద అన్నమాట. పౌనంటే అర కిలో కూడా కాదు, 454 గ్రాములు. అందులో డెబ్భై అయిదు కిలోమీటర్లకు పైగా పోగు. మనిషి చేత్తో వడికింది! గాంధీజీ ఈ నూలు సంగతి విని కొడుకు దేవదాసును పొందూరు పంపి చూసి రమ్మన్నారు. అలాంటి పంచె మోకాళ్ల కింద ఊగుతుంటే మే నెల అని గుర్తుండదు. ఖరీదు ఎక్కువే. ఒక్క రాత్రి కోసం కుట్టించి, ఆ తర్వాత అట్టపెట్టెలో పడుండే షేర్వాణీ ఖరీదుతో పోలిస్తే ఏపాటి? వడికే స్త్రీలు ముసలివాళ్లు అవుతున్నారు, ఆడపిల్లలు ఆ పనిలోకి రావడం లేదు. ఆ గిట్టుబాటుకి ఎలా వస్తారు?

ఎండకు సరిపడని బట్టను తీసి పక్కన పెట్టినవాళ్లూ ఉన్నారు. 2010లో భోపాల్‌లో ఒక స్నాతకోత్సవ వేదిక మీద అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేష్ గౌను విప్పేశారు, అది వలసపాలన నాటి ఆనవాలు అన్నారు. న్యాయవాదులకు బార్ కౌన్సిల్ నిబంధనల్లోనే వెసులుబాటు ఉంది: సుప్రీంకోర్టు, హైకోర్టులు తప్ప మిగతా కోర్టుల్లో వేసవిలో నల్లకోటు తప్పనిసరి కాదు.

పెద్దవాళ్లకున్న ఆ వెసులుబాటు ఆరేళ్ల పిల్లలకు లేదు. మార్చిలో ఒంటిపూట బడులు పెడతారు, బట్టలు మాత్రం మారవు. పాలిస్టరు కలిపిన చొక్కా, మెడకు టై, కాళ్లకు మేజోళ్లు, నల్ల బూట్లు. మధ్యాహ్నం బడి వదిలే వేళకు ఆ ఆటోలు ఆగే చోట ఒక్కసారి నిలబడి చూడండి, పిల్లల మెడలు ఎర్రగా చెమటకాయలతో ఉంటాయి. జూన్‌లో బడులు తెరిచేనాటికి కోస్తాలో ఉక్క ఇంకా తగ్గదు. మళ్లీ అదే టై.

మీ పిల్లల బడిలో తల్లిదండ్రుల సమావేశం పెడితే లేచి నిలబడి మూడు అడగండి. మార్చి నుంచి జూలై దాకా టై వద్దు. బూట్ల బదులు చెప్పులు వేసుకోనివ్వాలి. చొక్కా గుడ్డ నూటికి నూరు పాళ్లు నూలై ఉండాలి, దాన్ని ఏ కొట్లో కొన్నా సరే ఒప్పుకోవాలి. నూలని చెప్పి ఏదైనా ఇస్తే, ఒక పోగు లాగి అక్కడే అగ్గిపుల్లతో అంటించి చూపించండి.