స్లాబు వేసే నాటికి చేతికందాల్సిన సొమ్ము

పేదలకు ఇళ్ల విషయంలో సాయపడాలనుకునే చిన్న ట్రస్టు ఇళ్లు కట్టించే పని పెట్టుకోకూడదు. కట్టుకుంటున్న ఇల్లు మధ్యలో ఆగిపోకుండా చూస్తే చాలు. మేం భార్యాభర్తలిద్దరం టీచర్లుగా రిటైరయ్యాక ఖమ్మం జిల్లాలోని మా ఊరి చుట్టుపక్కల ఈ పని మొదలుపెట్టాం. "ఏడాదికో ఇల్లు కట్టించి తాళం చేతికివ్వండి, పేరుంటుంది" అన్నారు తెలిసినవాళ్లు. లెక్క వేసి చూస్తే అది మా చేతికి అందే పని కాదని తేలిపోయింది.

ఇందిరమ్మ ఇళ్ల పథకం కింద ఒక్కో ఇంటికి రాష్ట్ర ప్రభుత్వం 5 లక్షలు ఇస్తుంది, నాలుగు విడతల్లో. మొదటి లక్ష పడేది బేస్‌మెంట్ పూర్తయి, ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కాకే. అంటే చేతిలో పైసా లేని మనిషి ముందు లక్ష రూపాయల పని చేసి చూపించాలి. ఆ లక్ష ఎక్కడిది? నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిందే. నెలకు మూడు వేలు. పునాది తవ్వడం, బిల్లు కావడం, ఖాతాలో పడడం అన్నీ కలిసి మూడు నెలలు పడితే తొమ్మిది వేలు వడ్డీకే పోతాయి. అలా ప్రతి విడతకూ ముందు అప్పు, వెనక వడ్డీ. ఐదు లక్షల ఇల్లు అప్పుల ఇల్లయ్యేది ఇలాగే.

మేం ఒక ఇల్లు మొత్తం కట్టిస్తే ఐదు లక్షలు ఒక్కచోటే ఖర్చయిపోతాయి. అవే ఐదు లక్షలు ఐదు కుటుంబాలకు తలా లక్ష, వడ్డీ లేకుండా సర్దితే, విడత పడగానే తిరిగొస్తాయి. మళ్లీ మరో ఐదుగురికి వెళ్తాయి. ఈ ఆలోచన మాది కాదు. 1976లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో మిల్లార్డ్, లిండా ఫుల్లర్ దంపతులు స్థాపించిన 'హ్యాబిటాట్ ఫర్ హ్యుమానిటీ' పునాదే ఇది: లాభం లేదు, వడ్డీ లేదు, తిరిగొచ్చిన సొమ్ముతో ఇంకో ఇల్లు.

అన్నిటికన్నా కష్టం స్లాబు దగ్గర. మిరపతోటల్లో కూలికి వెళ్లే ఒకామె మా ఇంటికొచ్చి చెప్పిన మాట ఇది: "సారూ, గోడలు లేచినయ్. సెంట్రింగ్ కొట్టి పెట్టిన్రు, రోజు రోజుకు కిరాయి పడుతోంది. కొట్టాయన పాత బాకీ కట్టందే ఐరన్ ఇయ్యనంటున్నడు." గోడ కడుతూ డబ్బుల్లేక ఆపితే నష్టం లేదు, మళ్లీ ఎప్పుడైనా అక్కణ్నుంచే లేపుకోవచ్చు. స్లాబుకు ఆ వీలు లేదు. సగం పోసి రేపు పోద్దామంటే అతుకు పడుతుంది, వానాకాలం రాగానే అక్కడే కారుతుంది. సిమెంటు, ఇసుక, కంకర, మిల్లరు, మేస్త్రి, పదిహేను ఇరవై మంది కూలీలు, వాళ్ల భోజనాలు అన్నీ ఒకే రోజున సిద్ధంగా ఉండాలి. నాలుగు వందల చదరపు అడుగుల స్లాబు ఐదంగుళాల మందాన పోస్తే సుమారు నలభై బస్తాల సిమెంటు పడుతుంది. అందుకే మా నిధిలో కొంత భాగం స్లాబులకని విడిగా ఉంచుతాం, దాన్ని ఇంకే పనికీ ముట్టం.

డబ్బు చేతికివ్వం. ఇంటావిడ పేరున బిల్లు రాయించి కొట్టుకు చెల్లిస్తాం, దిగిన బస్తాలు, ఐరన్ ఆమే లెక్కపెట్టుకుని సంతకం చేస్తుంది. ఖాళీ ప్రామిసరీ నోటు గానీ, ఏటీఎం కార్డు గానీ, పాస్‌బుక్ గానీ ఎవరి దగ్గరా తీసుకోం. వడ్డీ వ్యాపారి చేసే పని ట్రస్టు చేయకూడదు. ఎంత ఇచ్చామో, ఏ విడతలో తిరిగివ్వాలో తేట తెలుగులో ఒక కాగితం, సాక్షులుగా ఊరి మహిళా సంఘం వాళ్లు. అంతే. ఇంట్లో జబ్బు చేసో, చావు వచ్చో తిరిగివ్వలేకపోయిన వాళ్లుంటారు. వాళ్ల ఇంటిముందు నిలబడి అడగం. అలాంటి లోటు భర్తీకని మొదటినుంచీ కొంత పక్కనపెట్టాం.

ఇక మా సొంత డబ్బు సంగతి. రిటైర్మెంటు సొమ్ము ఎత్తి ట్రస్టులో పోయలేదు. పది లక్షలు మా పేరునే సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో పెట్టాం. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి వచ్చే 20,500 ట్రస్టుకు ఇస్తున్నాం. ఆడిటర్ ఫీజు, తిరుగుడు ఖర్చులు, స్టేషనరీ దాంట్లోంచే. కాబట్టి దాతలిచ్చిన ప్రతి రూపాయీ ఇళ్లకే వెళ్తుందని ధైర్యంగా చెప్పగలుగుతున్నాం. అసలు మాత్రం మా మందులకు, మా ముసలితనానికి. దానం చేసేవాళ్లు రేపు పిల్లల మీద భారం కాకుండా చూసుకోవడం కూడా దానంలో భాగమేనని నా గట్టి నమ్మకం.

మీరూ ఇలాంటి ట్రస్టు పెట్టాలనుకుంటే, డీడ్ రిజిస్టర్ చేయించేటప్పుడే 'వడ్డీ లేకుండా ఇచ్చి తిరిగి తీసుకునే సాయం' అని ఆశయాల్లో రాయించండి. తిరిగొచ్చిన సొమ్మును ఆ ఏడాది ఆదాయంగా చూపించాలి, ఆదాయంలో 85 శాతం ఆశయాలకే ఖర్చు కావాలి. మంచి ఆడిటర్‌ను మొదటి రోజునే పెట్టుకోండి. ట్రస్టు డబ్బు చిట్టీల్లో వేస్తే కలిసొస్తుందని చెప్పేవాళ్లుంటారు, అది చట్టం ఒప్పుకోదు. దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు కావాలంటే రెండు వేలు దాటిన విరాళం నగదుగా ఇవ్వకూడదు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు లేనే లేదు. సిమెంటు బస్తాలు ఇచ్చిన పుణ్యాత్ములకూ రాదు. ఇవన్నీ ముందే చెప్పేస్తే తర్వాత మాట పడక్కర్లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపుతామంటే మనసు లాగుతుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే తీసుకోవచ్చు, పాస్‌పోర్టు నకలు ఫైల్లో పెట్టుకోవాలి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు మాత్రం, ఓసీఐ కార్డున్నా సరే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద విదేశీ దాతలే. ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ లేకుండా వాళ్ల దగ్గర రూపాయి కూడా తీసుకోకూడదు. మా అక్క కొడుకు ఇస్తానన్నదీ ఇందుకే వద్దన్నాం. ఇక్కడున్న చుట్టాల ఖాతాల్లో వేయించి మళ్లించే దారి చెప్పేవాళ్లున్నారు. ఆ దారి తొక్కకండి.

మీ ఊళ్లోనూ గోడల దగ్గర ఆగిపోయిన ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. నలుగురు కలిసి వెళ్లి, తర్వాతి విడత పడడానికి ఎంత పని మిగిలిందో, దానికెంత అవుతుందో ఆ ఇంటావిడను అడగండి. ఆ మొత్తం మీరు అనుకున్నదానికన్నా తక్కువే ఉంటుంది.