రానూపోనూ

ఈ నెల నేను నేర్చుకున్న మాట ఇది. ఇచ్చింది అమ్మమ్మ.

"నీదేం ఉద్యోగమే?" అని ఫోన్లో మళ్లీ అడిగింది. "కరెంటు సబ్‌స్టేషన్లలో గడియారాలన్నీ ఒకే టైము చూపించేలా చేస్తాను" అన్నాను. నవ్వింది. "మా గోడ గడియారం పది నిమిషాలు ముందుంటుంది. ఏం కొంప మునిగింది?"

నేను ఒహాయోలో పెరిగాను. 2003 ఆగస్టు 14న మాకు కరెంటు పోయింది. అమెరికా, కెనడాల్లో కలిపి దాదాపు 5 కోట్ల మందికి పోయింది. ముందు ఏది ఆగింది, తర్వాత ఏది ఆగింది అని తేల్చడానికి చాలా కష్టపడ్డారు. చాలా రికార్డర్ల గడియారాలు ఒకదానితో ఒకటి కలవలేదు మరి.

ఇప్పుడు పీటీపీ అనే పద్ధతి ఉంది. పెద్ద గడియారం నుంచి చిన్నదానికి ఒక సందేశం వస్తుంది. చిన్నదాని నుంచి పెద్దదానికి ఒకటి వెళ్తుంది. రెండు ప్రయాణాల కాలం కూడి సగం చేస్తే ఒక ప్రయాణానికి పట్టిన ఆలస్యం తెలుస్తుంది. చిన్నది దాన్ని కలుపుకుని సరిచేసుకుంటుంది.

"అంటే రానూపోనూ లెక్కేసి సగం చేస్తారు" అంది అమ్మమ్మ. (బస్సు చార్జీలకి వాడే మాటట!) తర్వాత, "వెళ్లేదారి ఒకటీ వచ్చేదారి ఇంకోటీ అయితే?" అంది.

నేను కాసేపు మాట్లాడలేదు. పోయిన ఏడాది ఒక సైటులో సరిగ్గా అదే జరిగింది. జత ఫైబర్లలో ఒకటి తెగితే, దాన్ని వేరే దారిలో, 600 మీటర్లు ఎక్కువ చుట్టు తిప్పి వేశారు. ఫైబర్‌లో మీటరుకి సుమారు 5 నానోసెకన్లు. తేడా 3 మైక్రోసెకన్లు, అందులో సగం తప్పు: 1.5. మాకు 1 దాటకూడదు. స్క్రీను మీద మాత్రం తేడా సున్నా. ఆ రెండు సందేశాల్లో చూస్తే తెలిసే తప్పు కాదది. నేను "అంతా బాగుంది" అని రాసి సంతకం పెట్టాను. మూడు వారాల తర్వాత ఇంకో ఇంజనీరు జీపీఎస్ గడియారం తెచ్చి పక్కన పెడితే బయటపడింది. ఏ లైనూ ఆగలేదు. కానీ చుట్టు ఇంకా పెద్దదైనా స్క్రీను సున్నానే చూపించేది.

ఇదంతా అమ్మమ్మకి చెప్పలేదు. తెలుగు చాలలేదని కాదు, సిగ్గేసింది. ఆదివారం చెబుతాను. ఒక వాక్యం సాధన చేస్తున్నాను: "సంతకం పెట్టింది నేనే." "నేను పెట్టాను" కంటే ఇదే సరైనది కదా?