మా మందిరపు వైర్లు

గత సంవత్సరము మా మందిరమునకు కొత్త మైకుసెట్టు కొన్నాము. పాత ఆంప్లిఫయరు, రెండు హారన్లు, చుట్టలుగా వైరు, వాటితోపాటు మా ఇంట్లో ఏళ్లతరబడి మూలబడిన పాత టి.వి.ని కూడా పాతసామాన్లు కొనే సహోదరునికి 900 రూపాయలకు ఇచ్చివేశాను. ఆదివారము ఆ సొమ్ము లెక్క చదివి ప్రభువునకు స్తోత్రము చెల్లించాము. చిన్న సంఘమునకు 900 రూపాయలు తక్కువేమీ కాదు.

ఆ బుధవారము అతని భార్య కబురు పంపింది. "అయ్యగారూ, చిన్నోడికి పది రోజుల నుంచి దగ్గు తగ్గట్లేదు, వచ్చి ప్రార్థన చేయండి" అని. సాయంకాలము వెళ్లాను. వాళ్ల పాక చెరువుగట్టు దిగువన ఉంది. పాక ముందే పెద్దకొడుకు మంట వేసి కర్రతో కెలుకుతున్నాడు. నల్లని పొగ, గొంతు పట్టేసే వాసన. దగ్గరకు వెళ్లి చూస్తే ఆ మంటలో ఉన్నవి మా మందిరపు వైర్లే. ఆ ఎరుపు, పసుపు మెలిక వైరు ఒక క్రిస్మసుకు నేనే బజారు నుండి తెచ్చాను గనుక గుర్తుపట్టాను. పక్కనే నా టి.వి. పిక్చర్ ట్యూబు పగిలి, గాజుపెంకులు చెరువు వైపు పడి ఉన్నాయి.

మా వైర్ల వలననే దగ్గు వచ్చిందని చెప్పను. అంతకుముందు ఎవరి వైర్లు కాల్చారో! లోపలికి వెళ్లి ప్రార్థన చేశాను గాని, ఏమని ప్రార్థించానో నాకే జ్ఞాపకము లేదు. మరునాడు బిడ్డను ఆసుపత్రికి పంపించాము.

తరువాత తెలిసినవారిని అడిగి, కొంత చదివాను. వైరు మీది ప్లాస్టిక్కును ఆరుబయట కాల్చితే డయాక్సిన్లనే విషములు పుట్టి, నేలమీదికి, గడ్డిమీదికి, దానిని మేసిన గేదె పాలలోనికి కూడా చేరుతాయట. పెద్ద పిక్చర్ ట్యూబు గాజులో కిలోకు పైగా సీసము ఉంటుంది. సీసము బిడ్డల మెదడును దెబ్బతీస్తుంది. పెద్దవారికంటే పసిబిడ్డల శరీరము దానిని నాలుగైదు రెట్లు ఎక్కువగా గ్రహిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. 2022లో లోకమంతటా 6 కోట్ల 20 లక్షల టన్నుల ఇటువంటి చెత్త పోగైతే, పద్ధతి ప్రకారము తిరిగి వాడకానికి తెచ్చినట్లు లెక్కకు వచ్చినది నాలుగోవంతు కూడా లేదు. ఢిల్లీలోని సీలంపూర్‌లో దీనిని విడగొట్టుటయే ఎన్నో కుటుంబాలకు బ్రతుకుతెరువు. మన దేశములో 2011లో నిబంధనలు చేశారు, 2022లో మార్చారు. అనుమతి ఉన్న కేంద్రములకే ఇవ్వాలట. ఆ చట్టము మా చెరువుగట్టు దాకా ఇంకా నడిచి రాలేదు.

లేవీయకాండము 6వ అధ్యాయములో దహనబలి బూడిదను గూర్చిన విధి ఉన్నది. యాజకుడే వస్త్రములు మార్చుకొని, దానిని పాళెము వెలుపల పవిత్రమైన చోటికి మోసుకొనిపోవలెను. ఎన్నిసార్లో చదివాను గాని, బలిని గూర్చియే బోధించాను, బూడిదను గూర్చి ఎన్నడూ బోధించలేదు.

ఆ సహోదరునితో మాట్లాడాను. కోపగించుకోలేదు, ఎందుకంటే అమ్మినవాడను నేనే. అతడు తిన్నగా చెప్పాడు: "కాల్చితే అరగంట పనండీ. చాకుతో చెక్కితే పూటంతా పడుతుంది. చెక్కిన రాగికే రేటు ఎక్కువని నాకూ తెలుసు, కాని చేతులెక్కడివి?" మా యవ్వనస్థులు నలుగురు ఇప్పుడు శనివారము సాయంత్రము అతనితో కూర్చొని వైర్లు చెక్కుతున్నారు. అన్ని వారాలూ రారు, పరీక్షలని, కోతలని మానేస్తారు. అప్పుడు మళ్లీ పొగ కనబడుతుంది. ఇన్వర్టరు బ్యాటరీని మాత్రము కొత్తది కొన్న దుకాణములోనే ఇచ్చాము. పాతదానికి ధర తగ్గించి తీసుకొన్నారు.

చిన్నవాడి దగ్గు మందులతో తగ్గింది. గాజుపెంకులను ఏరి గోనెసంచిలో కట్టాను. ఈసారి హైదరాబాదు వెళ్లేటప్పుడు అనుమతి ఉన్న కేంద్రములో అప్పగించాలని ఉద్దేశము. అంతవరకు ఆ సంచి మందిరము పక్కగదిలో, బల్ల కింద ఉంది. మొన్న ఆదివారము ఒక పెద్దమ్మ "ఏంటయ్యగారూ అది?" అని అడిగింది. నా టి.వి. అని చెప్పాను.