చిరాగ్ అలీ లేన్ బాల్కనీలో వానపాములు

నేనుండే శాన్ ఫ్రాన్సిస్కోలో తడిచెత్త విడిగా ఇవ్వాలని 2009లోనే చట్టం చేశారు. ఆకుపచ్చ డబ్బా వీధిలో పెడితే బండి వచ్చి తీసుకెళ్తుంది. ఆ చెత్త ఎరువై పొలాలకూ ద్రాక్షతోటలకూ చేరుతుంది. మంచి ఏర్పాటే. కానీ తొక్క ఎరువయ్యే వింత మాత్రం మన కంటపడదు. అది హైదరాబాద్ అబిడ్స్‌లో మా అక్క ఇంట్లో చూశాను.

అక్కావాళ్లది చిరాగ్ అలీ లేన్‌లో మూడో అంతస్తు. బాల్కనీ నీడలో చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ టబ్బు, అడుగున కొబ్బరిపీచు, పైన తడి గోనెసంచి. సంచి ఎత్తితే వాన పడ్డ మట్టివాసన. వేలితో కదిపితే సన్నటి ఎర్రటి పాములు వెలుతురుకు జంకి లోపలికి జారిపోయాయి. ఐసీనియా ఫెటిడా అనే రకం. నేలలో లోతుగా బొరియలు చేసే వానపాములు ఈ పనికి రావు. పేడలో, కుళ్లే ఆకుల్లో పైపైన బతికేవే కావాలి.

"వేయంగనే తింటయనుకోకురా. ముందు మెత్తబడాలె" అంది అక్క.

కిటుకంతా అక్కడే ఉంది. వానపాముకు పళ్లుండవు. తొక్కను సూక్ష్మజీవులు మెత్తబరిస్తే, ఆ గుజ్జుతోపాటు ఆ జీవుల్నీ తిని బతుకుతుంది. అందుకే అక్క తొక్కల్ని ఎండుటాకులతో కలిపి, పేడనీళ్లు, కాస్త పుల్లమజ్జిగ చిలకరించి, వేరే బకెట్లో కొన్నాళ్లు మగ్గనిస్తుంది. మజ్జిగలో ఉండేది లాక్టిక్ బ్యాక్టీరియా. ఒకినావాలో తెరువో హిగా 1980ల్లో ప్రచారంలోకి తెచ్చిన ఈఎం అనే సూక్ష్మజీవుల ద్రావణంలోనూ దానిది పెద్దపాత్రే. పచ్చిచెత్త ఒక్కసారే కుమ్మరిస్తే కుళ్లేటప్పటి వేడికి పాములు చస్తాయి. పులుపు, ఉప్పు, నూనె పడవు. చింతపండు పిప్పి, పచ్చడి అడుగు లేని ఇల్లు మనకుంటుందా? అవి టబ్బులోకి పోకుండా చూడటమే అసలు పని.

ఇంత శ్రమ ఎందుకంటే, అబిడ్స్ చెత్తబండ్లు మోసేదంతా చివరికి జవహర్‌నగర్ డంపుయార్డు దారి పడుతుంది. అక్కడివాళ్లు ఏళ్లుగా ఆ కంపు భరిస్తున్నారు. మన వంటింటి తొక్కలైనా వాళ్ల మీదికి పంపకపోవడం కనీస మర్యాద అని నా నమ్మకం. నేర్చుకోవాలంటే నాంపల్లి రెడ్‌హిల్స్‌లోనే ఉద్యాన శిక్షణ సంస్థ ఉంది, ఇంటిపంటల మీద నగరవాసులకు తరగతులు పెడుతుంటారు.

పై అంతస్తువాళ్లు గుప్పెడు పాములు అడిగారట. మే ఎండలకు తట్టుకోవు, తొలకరి పడ్డాక ఇస్తానని చెప్పింది అక్క.