అమ్మీ గది మీద కడీలు

అమ్మీ వాటిని కడీలు అంటుంది. పని చూడటానికొచ్చిన ఆచారి గారు దంతెలు అన్నారు. వాటిని మోసే పెద్ద మాను ఆమెకు షహతీర్, ఆయనకు దూలం. పాత గుంటూరులో దాదా కట్టించిన మా మేడ కట్టు ఇదే: దూలాల మీద అడుగున్నరకో టేకు దంతె, వాటి మీద అంచున నిలబెట్టి ఏటవాలుగా పేర్చిన సన్న ఇటుకలు, ఆపైన సున్నం గచ్చు. మద్రాసు టెర్రస్ అంటారు కదా, అదే.

ఆరేళ్ళ కిందట మేడ మీద బాత్రూం పెట్టారు. భాయ్ వాళ్ళు వజూకీ ఘుస్ల్‌కీ కిందికి దిగక్కర్లేకుండా. నీళ్ళు పోయే పైపు వెనక గోడ దాకా 10 అడుగులు నడవాలి. అంత దూరానికి 3 అంగుళాల వాటం కావాలి. ప్లంబర్ గచ్చు పగలగొట్టి, అడ్డొచ్చిన మూడు దంతెల పైభాగం కోసి, ఆ గాడిలో పైపు పడుకోబెట్టాడు. ఒక జాయింటుకి సొల్యూషన్ కూడా పూయలేదు, తోసి వదిలేశాడు. పైన సిమెంటు, టైల్స్. చూడ్డానికి మాషా అల్లా, బ్రహ్మాండంగా ఉంది.

6 అంగుళాల దంతెలో 3 అంగుళాలు కోస్తే సగం బలం మిగులుతుందనుకుంటాం. మిగిలేది పావు. వంగకుండా నిలిచే గట్టితనమైతే ఆ చోట ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అదే దంతె నడుమ, పైకీ కిందికీ సమాన దూరంలో చిన్న బెజ్జం వేసి సన్న పైపు పంపితే పెద్దగా నష్టం ఉండదు. కర్ర పైభాగం నొక్కుడు భరిస్తుంది, కిందిభాగం లాగుడు భరిస్తుంది, నడుమ భాగానికి ఆ రెండూ తక్కువ. దీన్ని ఆచారి గారు తన చేతికర్ర వంచి చూపించారు.

నీటి సంగతి వేరు. ఎండిన టేకు తరాలు నిలుస్తుంది. తేమ 20 శాతం లోపుంటే ఏ కర్రా చివకదు. సున్నం తడిని పీల్చుకుని మళ్ళీ వదిలేస్తుంది. సిమెంటు, టైల్స్ మూతేస్తే ఆ తడి కోసిన గాడిలోనే కూర్చుంటుంది.

అబ్బా ఇంతెఖాల్ అయిన నెలన్నరకి అమ్మీ గది కప్పు మీద గోధుమరంగు మరక కనిపించింది. తర్వాత తఖ్త్ మీద చుక్కలు పడ్డాయి. వజూ చేసిన నీళ్ళయితే మన హనఫీ ఫిఖ్హ్‌లో పాకే, దాంతో మళ్ళీ వజూ చెల్లదంతే. కమోడ్ నీళ్ళయితే నజిస్. ఏదో తెలీదు. అమ్మీ జానమాజ్ చుట్టి పక్క గదిలోకి మార్చుకుంది. వారానికి కప్పు వేలెడంత కుంగింది.

ఆపా ఒంగోలు రమ్మంది. కానీ అమ్మీ ఇద్దత్‌లో ఉంది. ఖురాన్ చెప్పిన నాలుగు నెలల పది రోజులు, సగం కూడా కాలేదు. ఇమాం సాబ్‌ని అడిగాను. ఇల్లు కూలుతుందన్న ఖౌఫ్ ఉంటే ఇద్దత్‌లో ఉన్న ఆడమనిషి వేరే ఇంటికి మారొచ్చు, ఇజాజత్ ఉంది అన్నారు. ఆ మాటే చెప్పాను.

"ఖౌఫ్ ఉంటే కదా బేటా. నాకు లేదు" అంది.

చోటే భాయ్ ఫోన్లో, ఎలాగూ హిస్సాలు తేల్చుకోవాలి, కూల్చి బిల్డర్‌కి ఇచ్చేద్దాం అన్నాడు. అబ్బా వెళ్ళి రెండు నెలలు కాలేదు. నేను జవాబివ్వలేదు. ఆచారి గారి కోసం మాత్రం కబురు పంపాను.

ఆయనకి డెబ్బై దాటాయి. గడప దగ్గర దుప్పటి పర్దా కట్టాం. అవతల అమ్మీ, ఇవతల ఆయన.

"అమ్మా, ఈ గదిలోకి మాత్రం రావద్దు. మిగతా ఇల్లంతా మీదే" అన్నారు. అమ్మీ ఆ ఒక్క మాటకి ఒప్పుకుంది.

ముందు బాత్రూం నీళ్ళు బంద్. కుంగిన దంతెల కింద సరుగుడు కర్రలతో పోట్లు పెట్టి, జాకీ రోజుకి రవ్వంత తిప్పారు. ఒక్కసారి లేపితే పైన ఇటుకలు పగులుతాయట. సుత్తితో తట్టి, ఉలి గుచ్చి చూశారు. రెండు దంతెలు గాడి దగ్గర మాత్రమే మెత్తబడ్డాయి. మూడోది గోడలోకి దిగే మొన దాకా చివికింది. చివికినంత చెక్కేసి మూడు వారాలు ఆరనిచ్చారు. మా భాయ్‌కి తొందర. "తడి మీద కొత్త కర్ర కడితే దానికీ ఇదే గతి అబ్బాయ్" అన్నారాయన.

తర్వాత కూల్చిన ఇళ్ళ కలప అమ్మేచోట పాత టేకు కొని, ఒక్కో దంతె పక్కన జోడు దంతె వేశారు. కోసిన చోట మాత్రమే కాదు, దూలం నుంచి గోడ దాకా పూర్తి పొడవు. బోల్టులు ఒకటి పైకి, ఒకటి కిందికి. ఒకే గీతన వేస్తే కర్ర ఆ గీత వెంబడే చీలుతుంది. గచ్చుకి సున్నం పిడుగురాళ్ళది. పైపు ఇప్పుడు దంతెల జోలికి పోదు: బాత్రూం నేల ఎత్తు చేసి, దంతెల పైనుంచే గోడ బయటికి తీశారు.

కొత్త కాలనీల వాళ్ళు దూలాల్లేవు గదా అని నిశ్చింతగా ఉంటారు. మన నల్లరేగడి వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిస్తుంది. కింద పైపు జాయింటు వదిలిందంటే ఆ ఒక్క చోట మట్టి ఉబ్బి టైల్స్ లేస్తాయి. టైల్స్ మేస్త్రీని తిడతారు. తవ్వి పైపు చూడరు.

నాని ట్రాప్‌కి గుడ్డ బిగించి, బాత్రూం నేలంతా నీళ్ళు నింపి రెండు రోజులు ఉంచాం. తర్వాత గుడ్డ తీసి ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా వదిలాం. కింద కప్పుకి తెల్ల కాగితాలు అంటించాం. ఒక్కటీ తడవలేదు. ఆచారి గారు డబ్బు లెక్కపెట్టుకుంటుంటే అమ్మీ పర్దా వెనక నుంచి, చెక్కేసిన టేకు ముక్కలు ఏం చేశారని అడిగింది. మంచివి రెండున్నాయి, మీకు పీట చేసిస్తానన్నారు.

ఇద్దత్ ఇంకా నలభై రోజులుంది. చోటే భాయ్ రేపు ఈద్‌కి వస్తానన్నాడు, హిస్సాల మాట అప్పుడట.