ఎగ్జిట్ 6కీ ఎగ్జిట్ 7కీ మధ్య

ఔటర్ రింగు రోడ్డు మీద మేడ్చల్‌ది ఆరో ఎగ్జిట్, శామీర్‌పేటది ఏడోది. కారులో ఒకదాన్నుంచి ఇంకోదానికి పావుగంట కూడా పట్టదు. ఆ కాసేపట్లో కళ్లకు ఆనేది తారు, రెయిలింగు, పచ్చబోర్డులు. ఊళ్ల మీదుగా వెళితే అంతకు రెండింతలైనా పడుతుంది. దారిలో గుండ్ల గుట్టలు, చెరువు కట్టలు, మందుల కంపెనీల ప్రహరీలు, వెంచర్ల కమాన్లు, ఆ కమాన్ల పక్కనే మేసే గేదెలు. ఔటర్ మీదికి టూవీలర్లను రానివ్వరు. కాబట్టి కండ్లకోయ, మేడ్చల్ కాలేజీల్లో చదివే కుర్రాడు బండేసుకుని శామీర్‌పేట చెరువుకు పోవాలంటే సర్వీసు రోడ్డో ఊళ్ల దారో పట్టక తప్పదు. తగిన వాహనం ఉన్నవాడికి దారి దగ్గరవుతుంది, దారిలో చూసేది తగ్గిపోతుంది. అదే కుర్రాడు రాత్రి హాస్టల్ గదిలో ల్యాప్‌టాప్ తెరిచి ఆడే ఆటల్లో ఇరవై ఏళ్లుగా నడుస్తున్న తగాదా కూడా ఇదే.

ఆ ఆటల్ని ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేములంటారు. వేలమంది ఒకే కల్పిత లోకంలో మసలుతుంటారు. ఒకడు మంత్రగాడు, ఒకడు విలుకాడు, ఇంకొకడు దెబ్బలకు మందువేసేవాడు. అడవులుంటాయి, కోటలుంటాయి, పాతాళ గుహలుంటాయి. రాక్షసుణ్ణి పడగొడితే కత్తో కవచమో రాలుతుంది. ఒంటి మీదున్న ఈ సరంజామా అంతా కలిపితే గేర్. ప్రతి వస్తువుకూ ఒక అంకె ఉంటుంది, అన్నిటి సగటు ఆ మనిషి స్థాయి అవుతుంది. ఆ అంకె పెంచుకోవడం కోసం అదే గుహకు మళ్లీ మళ్లీ పోవడాన్ని గ్రైండ్ అంటారు. ఇంకో రకం ఆటగాడున్నాడు. చెప్పిన పని పక్కనపెట్టి ఆ కొండ వెనక ఏముందో చూసొస్తానని పోయేవాడు. ఈ తేడా కొత్తది కాదు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి రిచర్డ్ బార్టల్ చేయందుకున్న మడ్ అనే ఆటలో బొమ్మలే లేవు, అంతా అక్షరాలే. అందులోని ఆటగాళ్లను చూసీ చూసీ బార్టల్ 1996లో ఒక వ్యాసం రాశాడు. సాధించేవాళ్లు, వెతికేవాళ్లు, కబుర్లకోసం వచ్చేవాళ్లు, పక్కవాణ్ణి చంపడానికే వచ్చేవాళ్లు అని నాలుగు జాతులు కట్టాడు. మన దగ్గర జనం ఎగబడే తుపాకుల ఆట బీజీఎంఐ ఈ గేర్ ఆటల కోవలోకి రాదు. అందులో ప్రతిసారీ అందరూ వట్టి చేతులతోనే దిగుతారు. అయినా మనవాళ్లు ఊరుకున్నారా, పోటీని చొక్కాల మీదికి, తుపాకుల రంగుల మీదికి మళ్లించారు.

వెతికేవాడు రసికుడు, గేర్ వెంటపడేవాడు లోభి అని తేల్చేయడం సులువు. అది అన్యాయం కూడా. వెతికేవాడికీ గేర్ కావాలి. అది లేకుండా మంచుకొండ మీదికి పోతే మొదటి తోడేలుకే బలి. పాయింట్లు కూడబెట్టడం వెతికేవాళ్లకు విసుగనీ, తర్వాతి చోటికి తలుపు తెరుచుకోవడానికే వాళ్లు ఆ పని చేస్తారనీ బార్టల్ కూడా గమనించాడు. నా వాదన వేరు. వస్తువులో దోషం లేదు. పోబోయే చోట ఏం దొరుకుతుందో, దాని వెల ఎంతో బయల్దేరకముందే తెలిసి ఉండడం చూపును చంపుతుంది. గేర్ వేటలో ఆ తెలియడం అంకెల రూపంలో, పూర్తి స్థాయిలో ఉంటుంది కాబట్టి నింద దాని మీద పడింది.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ చరిత్రలో ఇది విడమరిచినట్టు కనబడుతుంది. 2004 నవంబరులో వచ్చిన ఈ ఆటలో వస్తువు పేరు రంగే దాని అంతస్తు చెబుతుంది. ఆకుపచ్చది సాదా, నీలం మేలు, ఊదా అపురూపం. నలభై మంది జట్టుకట్టి, వారం వారం ఒకే వేళకు కూడి, నెలల తరబడి పోరాడితే ఊదా వస్తువులు కొన్ని దక్కేవి. 2007 జనవరిలో బర్నింగ్ క్రూసేడ్ అనే కొత్త భాగం విడుదలైంది. కొత్త నేల మీద కాలుపెట్టగానే ఎవరో అప్పజెప్పిన చిల్లర పని చేసిపెట్టినందుకు ఇచ్చే ఆకుపచ్చ వస్తువులు, అంత కష్టపడి తెచ్చుకున్న ఊదావాటిలో చాలావాటికి సాటి వచ్చాయి. చాలామంది దీన్ని కష్టం బూడిదపాలయిందన్న బాధగానే చెప్పుకున్నారు. నాకు అంతకన్నా పెద్ద నష్టంగా తోచేది పాత ఖండాలు పాడుబడిపోవడం. అక్కడి చెట్లు చెట్లలాగే ఉన్నాయి, సముద్రం సముద్రంలాగే ఉంది. అంకె పెంచే సరుకు మాత్రం లేదు. అందుకని జనం కొత్త గుమ్మం దగ్గర కిక్కిరిశారు. తర్వాత గేర్‌స్కోర్ అని, ఆటకు తగిలించుకునే ఒక చిన్న యాడాన్ వచ్చింది. మనిషిని చూడగానే అతని సరంజామా మొత్తానికి ఒకే అంకె చెప్పేది. ఫలానా అంకె లేనివాడు మా జట్టులోకి రానక్కర్లేదని బాహాటంగా చాటింపులు మొదలయ్యాయి. 2009 డిసెంబరులో కంపెనీయే డంజన్ ఫైండర్ పెట్టింది. అంతకుముందు నలుగుర్ని బతిమాలి కూడగట్టుకుని గుహ దాకా పోవలసి వచ్చేది. ఇప్పుడు మీట నొక్కి కూర్చుంటే యంత్రమే నలుగురు అపరిచితుల్ని జతచేసి గుహ లోపల దింపుతుంది. ఎగ్జిట్ నుంచి ఎగ్జిట్‌కు పోవడమే, మధ్యలో ఊళ్లు లేవు. వెసులుబాటు నిజమే, దాన్ని తక్కువ చేయను. కానీ దారి అనేది అనవసరమైన ఖర్చుగా లెక్కకొచ్చింది ఆ రోజునే.

బహుమతే పాడుచేస్తుందనే మాటకు 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగాన్ని తరచు సాక్ష్యం తెస్తారు. బడికి పోని వయసు పిల్లలు, రంగు స్కెచ్ పెన్నులంటే ఇష్టపడేవాళ్లు. ఒక గుంపుకు బొమ్మ గీస్తే యోగ్యతా పత్రం ఇస్తామని ముందే చెప్పారు. రెండో గుంపుకు ఏమీ చెప్పకుండా, గీసినాక ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ లేదు. కొన్నాళ్లకు మళ్లీ ఆ పెన్నులు ముందుపెట్టి ఊరికే వదిలేస్తే, మాట తీసుకుని గీసిన పిల్లలు వాటి మీద గడిపిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. దీన్ని చెప్పేవాళ్లు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. నాకు పనికొచ్చేది రెండో గుంపు. వాళ్లకూ అదే పత్రం అందింది, వాళ్ల ఇష్టం మాత్రం చెక్కుచెదరలేదు. తేడా వచ్చిందల్లా ఇస్తామన్న సంగతి ముందే తెలియడంలో.

దీనికి మరింత గట్టి సాక్ష్యం ఆటలోనే ఉంది. పాత లోకం మాకు కావాలి, కొండలెక్కుతూ దారితప్పుతూ తిరిగిన రోజులు కావాలి అని ఏళ్ల తరబడి అడిగితే, 2019 ఆగస్టులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ పేరుతో ఆ పాత ఆటనే మళ్లీ తెరిచారు. మొదటిసారి మోల్టెన్ కోర్ గుహలోని రాగ్నరోస్ అనే అగ్నిదేవుణ్ణి పడగొట్టడానికి ఆట మొదలయ్యాక సుమారు ఐదు నెలలు పట్టింది. 2019లో వారం తిరక్కుండానే పడిపోయాడు. నిజమే, రెండోసారి పెట్టింది ఎన్నో సవరణలు జరిగాక నిలిచిన రూపం, మొదటి రోజుల కన్నా కాస్త తేలిక. ఆ తేలికతనమొక్కటే నెలల్ని రోజులు చేయలేదు. ఏ రాక్షసుడు ఏం రాలుస్తాడో, ఏ మూల ఏ మూలిక మొలుస్తుందో, ఏ పని ఏ వరసలో చేస్తే గంట మిగులుతుందో పదిహేనేళ్లుగా జనం పట్టికలు వేసి పెట్టుకున్నారు. అదే నేల, అవే కొండలు, అదే గేర్. తెలియకపోవడమనేది ఒక్కటే మాయమైంది. తిరగడానికని వచ్చినవాళ్లలో చాలామంది పట్టిక పట్టుకుని పరుగెత్తారు. గేర్ తీసేస్తే స్వేచ్ఛ తిరిగొస్తుందనుకునేవాళ్లు ఈ ముచ్చట ఒకసారి ఆలోచించాలి.

పోనీ తిరుగుడుకే బహుమతి ఇస్తే? ఆ ముచ్చటా తీరింది. 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2 అంకెల పరుగును బాగా తగ్గించి, ప్రకృతి దృశ్యాలు చూసే శిఖరాలు, గెంతుతూ ఎక్కే చిక్కుదారులు నేలంతా వెదజల్లింది. మెచ్చుకోవలసిన పని. కానీ అందులోనే, నేల నూటికి నూరుపాళ్లు చూసినవాడికి ఒక కానుక ఇచ్చి, అత్యున్నత ఆయుధం తయారీకి దాన్ని ముడిసరుకు చేసింది. ఇక శిఖరం మీదికి చేరినవాడు కిందికి చూడడు, పటంలో టిక్ పడిందో లేదో చూసి దూకేస్తాడు. నిజమైన వీధుల్లో నడిపించిన పోకెమాన్ గోదీ అదే తంతు. 2016 డిసెంబరులో జియోతో జతకట్టి అది మన దేశంలో అడుగుపెట్టింది. అందులో సరుకు దొరికే స్టాపులు నగరం నడిబొడ్డున దట్టం, శివార్లలో పలచన. లోకాన్ని నడిచి చూడమన్న ఆట, శివారు ఊరివాణ్ణి ఊరిచుట్టూ తిరగనివ్వకుండా జనమున్న చోటికే లాగేలా తయారైంది. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథల్లో చేసిన ఏర్పాటు దీనికి పూర్తిగా తలకిందులు. మణిసిద్ధుడి గమ్యం కాశీ, సందేహం లేదు. వెంట వచ్చే గోపకుమారుడు మాత్రం దారిలో తనకు కనబడిన వింత గురించి అడిగినప్పుడల్లా కథ చెబితేనే వస్తానని షరతు పెట్టుకున్నాడు. ఏ మజిలీలో ఏ వింత కనబడుతుందో వాడికే తెలియదు. గమ్యం ఉండడం తిరుగుడుకు అడ్డం కాదని అంత పెద్ద పుస్తకం అడుగడుగునా చూపిస్తుంది.

ఇక అభ్యంతరాలు. మొదటిది బరువైనదే: తీరికున్నవాళ్ల కబుర్లండీ ఇవి అనవచ్చు. పొద్దున కాలేజీ బస్సు, మధ్యాహ్నం ల్యాబు, సాయంత్రం ప్లేస్‌మెంట్ కోచింగ్, రాత్రి ఒక గంట. ఆ గంటలో ఏదో ఒకటి చేతికి దక్కాలని కుర్రాడు కోరుకుంటే తప్పేముంది? తప్పు లేదు. పైగా పగలంతా ర్యాంకులు, కటాఫ్‌లు, ప్యాకేజీలు అంటూ అంకెల్లో బతికేవాడికి, కష్టానికి తగ్గ అంకె ఖచ్చితంగా పెరిగే చోటు ఊరటనిస్తుంది. బయటి లోకం ఆ హామీ ఇవ్వదు. అయితే గంట మాత్రమే ఉన్నవాడికే ఈ పరుగు ఎక్కువ నష్టం. నిచ్చెనకు పై మెట్టు లేదు. నాలుగైదు నెలలకోసారి కంపెనీ కొత్త మెట్టు వేస్తుంది, పాతవి విలువ కోల్పోతాయి. రోజుకు ఆరు గంటలున్నవాడితో గంటవాడు ఎన్నటికీ సాటిరాడు. తెలియని లోయలోకి తొంగిచూడడానికి ఆ గంట చాలు. రెండో అభ్యంతరం, గేర్ వేట వల్లే జట్లు పుడతాయి, స్నేహాలు పుడతాయి అని. ఒప్పుకుంటాను. నలభై మంది వారం వారం ఒక వేళకు కూడారంటే అదేమీ చిన్న విషయం కాదు, మన కాలనీ సంక్షేమ సంఘాలకు చేతకానిదది. కాకపోతే ఆ స్నేహాలు గేర్‌స్కోర్ రాకముందే పుట్టాయి. అంకె అడిగి చేర్చుకునే పద్ధతి వచ్చాక మనిషి గురించి ఇంకేం అడగాలో జనం మరిచిపోయారు.

ఈ గొడవ తెరల్లోనే ఉందనుకుంటే పొరపాటు. శామీర్‌పేట చెరువు పక్షులు చూసేవాళ్లకు పాత అడ్డా. చలికాలంలో దూరదేశపు బాతులు దిగుతాయి. పక్షులు చూసే సరదాలో కూడా ఒక గేర్ నిచ్చెన ఉంది. ముందు బైనాక్యులర్, తర్వాత కెమెరా, తర్వాత 400 ఎంఎం లెన్సు, ఆపైన 600. లెన్సు పెద్దదయ్యేకొద్దీ మామూలు కొంగ మీదికి గురిపెట్టడం నామోషీ అవుతుంది. ఈ లోకానికీ లెక్కల పుస్తకం ఉంది. 2002లో అమెరికాలో కార్నెల్ ల్యాబ్, ఆడుబాన్ సొసైటీ మొదలుపెట్టిన ఈబర్డ్‌లో ఎక్కువ జాతులు చూసినవాళ్ల వందమంది జాబితా వేస్తారు. గేర్‌స్కోర్‌కు అన్నదమ్ముడే. కానీ అదే ఈబర్డ్ చూసిన పక్షులన్నీ రాయమని కోరుతుంది. అపురూపమైనదొక్కటే రాసి వదిలేస్తే అది సంపూర్ణ జాబితా కాదు. కాకి, గోరింక, బుడబుంగ, లకుముకి పిట్ట అన్నీ ఎక్కాలి. ఎందుకంటే కాకులు తగ్గాయా పెరిగాయా అన్నది పరిశోధకులకు ఆ జాబితాల్లోంచే తెలుస్తుంది. ఒకే చెరువు, ఒకే యాప్. వందమంది జాబితా కోసం వచ్చినవాడు గట్టు మీద ఒక్క పిట్ట కోసం కాపు వేస్తాడు. సంపూర్ణ జాబితా రాసేవాడికి మాత్రం కాకి కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి తల తిప్పక తప్పదు. నిబంధన ఎలా రాశారన్న దాన్ని బట్టే చూపు మారుతోంది. అందుకే ఆటగాడి స్వభావం మీద ఉపన్యాసాలివ్వడం నాకు దండగనిపిస్తుంది.

మూడో అభ్యంతరం వ్యాపారానిది. నెల నెలా చందా కట్టించుకునే కంపెనీ నిచ్చెన పీకేస్తే బతుకుతుందా? 2013 ఆగస్టులో పునర్జన్మ ఎత్తిన ఫైనల్ ఫాంటసీ 14 నెల చందాతోనే నడుస్తోంది. దాని సారథి నవోకీ యోషిదా, పని లేనప్పుడు చందా ఆపి వేరే ఆటలు ఆడుకోండి, కొత్త భాగం వచ్చాక రండి అని బాహాటంగానే చెబుతూ వచ్చాడు. నిచ్చెన అక్కడా ఉంది. కానీ పాత గుహలు పాడుబడలేదు. రోజూ దక్కే పెద్ద కానుక కావాలంటే రూలెట్ అనే మీట నొక్కాలి. ఏ గుహలో పడతాడో ఆటగాడికి ముందు తెలియదు, పదేళ్లనాటి పసిపిల్లల గుహ కావచ్చు. ఎంత గొప్ప కవచమున్నా లోపల దాని బలం ఆ గుహ స్థాయికి కుదించుకుపోతుంది. జట్టులో ఆ గుహను మొదటిసారి చూస్తున్నవాడు ఒక్కడున్నా పూర్తయ్యాక అందరికీ అదనపు కానుక అందుతుంది. గేర్‌స్కోర్ రోజుల్లో ఇంటికి పొమ్మన్న కొత్తవాడు ఈ లెక్కలో జట్టుకు లాభం. వాడు దారిలో ఆగి గోడ మీది బొమ్మ చూస్తుంటే, అంకె కోసమే వచ్చిన మిగతా ముగ్గురికీ వాణ్ణి వదిలిపోవడం కన్నా కాసేపు ఆగడమే గిట్టుబాటు.